ఆకా, పూతా?

డిసెంబరు వచ్చిందంటే నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు మామిడి రైతుల మాటలన్నీ చలి చుట్టూనే తిరుగుతాయి. రాత్రిళ్లు చలి గట్టిగా పడుతోందా, మబ్బు పట్టిందా, బంగాళాఖాతంలో వాయుగుండం ఏమైనా ఉందా అని ఒకరినొకరు అడుగుతుంటారు. చలి సరిగా పడితే కొమ్మ చివర పూత వస్తుంది, పడకపోతే చిగురు వస్తుంది. చిన్నరసమైనా, పెద్దరసమైనా, బంగినపల్లి అయినా, ఇక్కడివాళ్లు కలెక్టరు అని పిలిచే తోతాపురి అయినా ఏడాది ఆదాయమంతా ఆ కొద్ది వారాల రాత్రుల మీదే ఆధారపడి ఉంటుంది.

కొమ్మ చివరి మొగ్గ ఆకు వేయాలో పువ్వు వేయాలో ఎలా తేల్చుకుంటుంది? చలిని చెట్టులో ఏ భాగం పసిగడుతుంది? పసిగట్టాక మొగ్గకు ఆ కబురు ఎలా చేరుతుంది? ఇలాంటివి మామిడి మీద పరీక్షించడం కష్టం. ముప్పై అడుగుల చెట్టును గదిలో పెట్టి చలి పెంచుతూ తగ్గిస్తూ చూడలేం, టెంక నాటితే పూతకు ఏళ్లు పడుతుంది. జవాబుల్లో ముఖ్యమైన భాగం జానెడు ఎత్తు కూడా లేని ఒక నేలమొక్క నుంచి వచ్చింది. అది గులాబీ కుటుంబానికి చెందిన అడవి స్ట్రాబెర్రీ. యూరప్ అడవుల అంచుల్లో ఎవరూ నాటకుండానే పెరుగుతూ, ఏటా వసంతంలో తెల్లగా పూసే బహువార్షిక మొక్క. దాని గురించి తెలిస్తే నూజివీడు తోటలో ఏం జరుగుతోందో చాలావరకు అర్థమవుతుంది.

నూజివీడు నేల మీద గులాబీ కుటుంబపు అడవి మొక్క కంటపడటం అరుదు. మామిడి చెట్ల కింద ఎర్రనేల మీద గడ్డిచామంతి, విష్ణుక్రాంతం, అత్తిపత్తి, పల్లేరు పూస్తుంటాయి. గులాబీ కుటుంబం ఎక్కువగా చలిదేశాలది. యాపిల్, పియర్, పీచ్, చెర్రీ, పప్పు తినే అసలు బాదం, అన్నీ ఆ కుటుంబంలోవే. వీధుల్లో నీడకు పెంచుకునే మన బాదం చెట్టు వేరే కుటుంబం. ఈ కుటుంబంలో చెట్లతో పాటు నేలను అంటిపెట్టుకుని పెరిగే చిన్న మొక్కలూ చాలా ఉన్నాయి. హిమాలయాల గడ్డి మైదానాల్లో అవి విరివిగా పూస్తాయి. దక్షిణాదిలో వాటిని చూడాలంటే నీలగిరుల వంటి ఎత్తైన కొండలు ఎక్కాలి. అక్కడ దొరికే ఒక అడవి స్ట్రాబెర్రీకి శాస్త్రజ్ఞులు నీలగిరి పేరే పెట్టారు. ఆకుల నిండా నూగు, పండు ఎర్రగా కాక పాలిపోయిన తెలుపులో ఉంటుంది. దాని చుట్టం మరొకటి పసుపుపచ్చగా పూస్తుంది. దాని పండు ఎర్రగా నిగనిగలాడుతూ స్ట్రాబెర్రీ అనే భ్రమ కలిగిస్తుంది, నోట్లో వేసుకుంటే రుచే ఉండదు.

స్ట్రాబెర్రీ పువ్వును చేతిలోకి తీసుకుని చూడండి. అయిదు తెల్ల రేకలు. వెనక్కి తిప్పితే అయిదు ఆకుపచ్చ రక్షకపత్రాలు, వాటి సందుల్లో ఇంకో అయిదు సన్నని పత్రాలు కనిపిస్తాయి. పది కొనల ఆకుపచ్చ నక్షత్రంలా ఉండే ఆ అమరికే పండు తయారయ్యాక దాని తల మీద తొడిమగా మిగులుతుంది. రేకల లోపల చుట్టూ పసుపు కేసరాలు. మధ్యలో చిన్న గోపురం, దాని మీద గుండుసూది మొనలంతేసి బుడిపెలు పదులకొద్దీ. ఒక్కో బుడిపె ఒక్కో అండకోశం. పరాగసంపర్కం జరిగితే ఒక్కోటీ ఒక్కో గింజంత కాయ అవుతుంది. పండు పైన మనం గింజలు అనుకునేవి నిజానికి అసలు కాయలు, వాటిలో ఒక్కోదానిలో ఒక్కో విత్తనం. మనం తినే ఎర్రని కండ పువ్వు అడుగున ఉండే గోపురం ఉబ్బగా వచ్చింది. తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాకూడదు. జీడిమామిడిలో మనం పండు అనుకుని చీకేది ఉబ్బిన కాడ, కింద వేలాడే జీడికాయే అసలు కాయ. ఆ జీడిమామిడి కూడా మామిడి కుటుంబమే.

ఆ గింజల్లాంటి కాయలు ఊరికే అంటుకుని ఉండవు. 1950లో జె. పి. నిచ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు లేత స్ట్రాబెర్రీల మీద నుంచి వాటిని ఒక్కొక్కటే గిల్లి తీసేశాడు. అన్నీ తీసేసిన పండు ఎదగడం మానేసింది. ఒక వరస మాత్రమే ఉంచితే ఆ వరస మేరకే కండ ఉబ్బింది. అన్నీ తీసేసి ఆక్సిన్ అనే హార్మోనును పూస్తే పండు మళ్లీ ఎదిగింది. తేనెటీగలు సరిగా తిరగక కొన్ని అండకోశాలకు పుప్పొడి అందని పండు వంకరగా, ఒక పక్క నొక్కుకుపోయి ఉండటానికి కారణం ఇదే. పుప్పొడి అందని చోట గింజ కట్టదు, గింజ లేని చోట కండ ఉబ్బదు.

ఇప్పుడు మనం బజారులో కొనే పెద్ద స్ట్రాబెర్రీ ఏ అడవిలోనూ పుట్టింది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో అనుకోకుండా పుట్టింది. దక్షిణ అమెరికాలోని స్పెయిన్ కోటల గుట్టుమట్లు తెలుసుకు రమ్మని ఫ్రాన్సు ప్రభుత్వం అమెదే ఫ్రాంస్వా ఫ్రేజియే అనే ఇంజనీరును 1712లో పంపింది. చిలీ తీరంలో కోడిగుడ్డంత పండ్లు కాసే స్ట్రాబెర్రీలు చూసి ఆయన కొన్ని మొక్కలు ఓడ ఎక్కించాడు. ఆరు నెలల ప్రయాణంలో మంచినీళ్లు కొలిచి పోసుకునే చోట మొక్కలకు నీళ్లు దొరకడమే గొప్ప. 1714లో ఓడ మార్సెయ్ చేరేసరికి అయిదు మొక్కలు బతికి ఉన్నాయి. తీరా చూస్తే అవన్నీ ఆడ మొక్కలు. పూసేవి, కాసేవి కావు. ఉత్తర అమెరికా నుంచి అంతకుముందే వచ్చిన మరో అడవి స్ట్రాబెర్రీని వాటి పక్కన నాటినప్పుడు ఆ పుప్పొడితో కాపు మొదలైంది. ఆ రెంటి సంకరమే నేటి తోట స్ట్రాబెర్రీ. రెండు ఖండాల మొక్కలు మూడో ఖండంలో కలిశాయన్న సంగతిని ఆంత్వాన్ నికొలా ద్యుషేన్ అనే కుర్రవాడు కనిపెట్టి 1766లో పుస్తకంగా రాశాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

ఆ సంకర మొక్కలో ప్రతి కణంలో ఎనిమిది సెట్ల క్రోమోజోములు, మొత్తం 56 ఉంటాయి. యూరప్ అడవి స్ట్రాబెర్రీలో 14 మాత్రమే. అందుకే జన్యుశాస్త్రజ్ఞులు తోట మొక్కను పక్కనబెట్టి అడవి మొక్కను పట్టుకున్నారు. దాని జన్యుపటం 2011 నాటికి సిద్ధమైంది. మొక్క చిన్నది, గింజ వేసిన కొద్ది నెలలకే పూస్తుంది, గదిలో బల్ల మీద వందల మొక్కలు పెంచొచ్చు. పూత లెక్క తేల్చడానికి అంతకంటే అనువైనది దొరకదు.

వరి లాంటి ఏకవార్షిక పంటకు ఆకుకు కొన్ని మొగ్గలు మిగుల్చుకునే లెక్కతో పనే లేదు. వెన్ను తీశాక గింజ గట్టిపడేదాకా బతికితే చాలు, ఆ తర్వాత మొక్క ఎండిపోయినా ఫరవాలేదు. ఏళ్ల తరబడి బతకాల్సిన మొక్క అలా చేస్తే కుదరదు. ఉన్న మొగ్గలన్నీ పూలైపోతే వచ్చే ఏడాది ఆకు వేయడానికి మొగ్గ మిగలదు. స్ట్రాబెర్రీ దుబ్బు నడినెత్తిన ఉండే మొగ్గ పూగుత్తిగా మారిపోయి అక్కడితో ఆగిపోతుంది. దాని పక్క మొగ్గ ఎదుగుదలను అందుకుంటుంది. ఇంకా కిందున్న పక్క మొగ్గలకు రెండు దారులు ఉంటాయి. ఒకటి నేల మీద పాకే తీగగా సాగి, కణుపు దగ్గర వేరూని పిల్లమొక్క పెట్టడం. రెండోది దుబ్బులోనే కొమ్మగా ఉండిపోయి తన వంతు పూయడం. వెచ్చని రోజుల్లో, పగలు పొడవుగా ఉన్న కాలంలో మొక్క తీగల మీద పడుతుంది. చల్లబడి పగలు కురచయ్యాక పూత వైపు మళ్లుతుంది.

మామిడిలోనూ కొమ్మ చివరి మొగ్గే పూగుత్తి అవుతుంది. పూసి కాసిన కొమ్మ ఆ ఏడాది కొత్త చిగురు వేయడానికి ఆలస్యమవుతుంది. ఆలస్యంగా వేసిన చిగురు డిసెంబరు నాటికి ముదరదు. ముదరని రెమ్మ పూయదు. ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు కాపు తప్పడం వెనక ప్రధానంగా ఉన్న లెక్క ఇదే. బంగినపల్లి తోట ఉన్నవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అడవి స్ట్రాబెర్రీలో మామూలు రకాలు ఏడాదికి ఒకసారే పూస్తాయి. ఆల్ప్స్ కొండల్లో మాత్రం వేసవంతా ఆగకుండా పూసే రకం ఒకటి ఉంది, యూరప్ తోటమాలులు దాన్ని ఎప్పటినుంచో పెంచుతున్నారు. ఈ రెంటినీ సంకరం చేసి చూస్తే ఆగకుండా పూసే గుణం ఒకే ఒక్క జన్యువును పట్టి వస్తోందని తేలింది. ఆ జన్యువు ఏదన్నది 2012లో బయటపడింది. పేరు టీఎఫ్ఎల్1. దాని పని పూతను అణచి ఉంచడం. మామూలు మొక్కలో వేసవి కాలమంతా అది మొగ్గ కొనలో పనిచేస్తూ పూత రానివ్వదు. చలి పడి పగలు కురచైతే దాని జోరు తగ్గుతుంది, పూత బయటపడుతుంది. ఆల్ప్స్ రకంలో ఆ జన్యువులోంచి రెండంటే రెండే డీఎన్ఏ అక్షరాలు జారిపోయాయి. దాంతో అది పనిచేయడం మానేసింది. ఆపేవాళ్లు లేక ఆ మొక్క పూస్తూనే ఉంటుంది. అదే పరిశోధన గులాబీలోనూ జరిగింది. ఏటా ఒక్కసారే పూసే అడవి గులాబీలో ఇదే జన్యువు బాగా పనిచేస్తోంది. మన పెరట్లో ఏడాది పొడవునా పూసే గులాబీల్లో దాని మధ్యలోకి వేరే డీఎన్ఏ ముక్క చొరబడి దాన్ని పాడుచేసింది. వందల ఏళ్ల నుంచి తోటమాలులు ముచ్చటపడి ఎంచుకున్న గుణం నిజానికి ఒక లోపం!

పూతను ఆపే ఈ జన్యువుకు, పూతను పిలిచే మరో జన్యువుకు దగ్గరి పోలిక ఉంది. రెండోదాని పేరు ఎఫ్‌టీ. ఆకులో తయారయ్యే ఎఫ్‌టీ ప్రోటీను కాండం గుండా ప్రయాణించి మొగ్గ చేరి పూత పుట్టిస్తుంది. ఆకు నుంచి మొగ్గకు ఇలాంటి కబురేదో వెళ్తోందని సోవియట్ శాస్త్రజ్ఞుడు మిఖాయిల్ చైలఖ్యాన్ 1930లలోనే ఊహించి దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. ఆ కబురు ఎఫ్‌టీ ప్రోటీనేనని తేలడానికి 2007 దాకా పట్టింది. ఎఫ్‌టీ, టీఎఫ్ఎల్1 ఎంత దగ్గరివంటే, 2005లో ఒక ప్రయోగంలో టీఎఫ్ఎల్1 ప్రోటీనులో ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చగానే, పూతను ఆపే ప్రోటీను పూతను పిలిచే ప్రోటీనుగా మారిపోయింది. ఆకును, పూతను విడదీసే గీత అంత సన్ననిది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే.

ఈ రెండు జన్యువుల చుట్టాలు మామిడిలోనూ ఉన్నాయి. చల్లని రాత్రుల్లో మామిడి ఆకులో ఎఫ్‌టీ పెరుగుతుంది. ఫ్లోరిడాలో 1990లలో కుండీల్లో పెంచిన చిన్న మామిడి మొక్కల మీద చేసిన ప్రయోగాలు దీనికి బలమైన ఆధారం. పగలు 18, రాత్రి 10 డిగ్రీల దగ్గర ఉంచిన మొక్కలు పూశాయి. పగలు 30, రాత్రి 25 దగ్గర ఉంచినవి చిగురించాయి. మన దేశంలో అంతకుముందే వి. జె. కులకర్ణి అంటు ప్రయోగాలు చేసి 1986లో ప్రచురించారు. కాలం కాని కాలంలో పూసే రకానికి మామూలు రకం కొమ్మను అంటుకట్టి, ఆ కొమ్మ ఆకులు దూసేస్తే, కాలం కాని కాలంలోనే ఆ కొమ్మా పూసింది. తన సొంత ఆకులు ఉంటే ఆ కబురు అందదు, లేకపోతే అవతలి చెట్టు ఆకుల కబురు దాని మొగ్గకు చేరుతుంది. మొగ్గ తనంతట తాను చలిని కొలవదని, ఆకు చెబితే వింటుందని ఇంతకంటే తేటగా చూపడం కష్టం. డిసెంబరు నాటికి రెమ్మ మీద ముదురు ఆకు ఉండాలని పెద్దలు ఎందుకు అంటారో ఇక్కడ తెలుస్తుంది.

మామిడి పూతలో రెండు సంగతులు ఒకే వేళకు కుదరాలి. మొగ్గ కదలడం ఒకటి, కదిలేటప్పుడు చుట్టూ చలి ఉండటం ఒకటి. మొగ్గను కదిలించేది చలే కానక్కర్లేదు. వాన కదిలిస్తుంది, కొమ్మ కత్తిరింపు కదిలిస్తుంది, పొటాషియం నైట్రేట్ పిచికారీ కదిలిస్తుంది. లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున ఆ నైట్రేటును (13-0-45) కొట్టమని ఉద్యానశాఖవాళ్లు చెప్పేది అందుకే. ఒకే రోజు ఒకే మందు కొట్టిన రెండు తోటల్లో ఒకటి పూసి మరొకటి చిగురించినప్పుడు మందుది తప్పనుకుంటారు. మందు మొగ్గను లేపింది అంతే. లేచిన మొగ్గ ఏ దారిన పోవాలన్నది అప్పటికి ఆకు పంపిన కబురును పట్టి ఉంటుంది. నవంబరు చివరలో తుపాను వచ్చి నేల తడిసి, రాత్రిళ్లు వెచ్చగా ఉంటే తోట మొత్తం చిగురు వేసేస్తుంది, ఆ తర్వాత ఎంత చలి పడినా ఆ లేత రెమ్మలు వినవు. ఒక్కోసారి మొగ్గ కదిలాక వాతావరణం మారితే పూగుత్తి మొదట్లో ఆకులు, చివర్లో పూలు కలిసి వస్తాయి. అలాంటి గుత్తి కనిపిస్తే కోసి దగ్గరగా చూడండి. ఆ పది పదిహేను రోజుల రాత్రులు ఎలా గడిచాయో అందులో కింది నుంచి పైకి రాసి ఉంటుంది.

కల్టార్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వర్షాకాలంలో చెట్టు పాదులో పోసే ఈ మందు జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీని తగ్గిస్తుంది. జిబ్బరెల్లిన్ ఎక్కువగా ఉంటే చెట్టు సాగుతుంది, తగ్గితే పూత వైపు మొగ్గుతుంది. స్ట్రాబెర్రీలో పాకే తీగలకు కావలసింది కూడా జిబ్బరెల్లినే. తీగలే వేయని ఒక అడవి స్ట్రాబెర్రీ రకంలో జిబ్బరెల్లిన్ తయారుచేసే జన్యువు ఒకటి పాడైందని ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు 2017లో చూపారు. దానిలో పక్క మొగ్గలు తీగలుగా సాగక దుబ్బులోనే కొమ్మలై పూస్తాయి. రైతు సీసాలోంచి పోసి చేసే పనిని ఆ మొక్కలో ఒక జన్యులోపం చేస్తోంది. అయితే కల్టార్ మట్టిలో చాలాకాలం నిలిచిపోతుంది. ఏటా మోతాదు మించి పోస్తే రెమ్మలు గిడసబారి, పూగుత్తులు కురచగా ముద్దకట్టి వస్తాయి. అలాంటి గుత్తుల్లోకి మందూ గాలీ సరిగా చేరవు, పురుగు చేరుతుంది. కాపు కోసం కంగారుపడి పోసే తోటల్ని చూస్తే బాధ కలుగుతుంది. చెట్టు ఎన్నేళ్లు ఉండాలన్నది కూడా లెక్కలోకి రావాలి.

స్ట్రాబెర్రీని నూజివీడులో నాటితే పూస్తుందా? పగటి పొడవు ఒక్కటే చూస్తే పూయాలి. మనం 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం. జూన్‌లో అతి పెద్ద పగలు ఇక్కడ 13 గంటలకు కాస్త ఎక్కువ, డిసెంబరులో 11 గంటలకు కాస్త ఎక్కువ. ఏడాదికి ఒకసారే పూసే చాలా స్ట్రాబెర్రీ రకాలు 14 గంటల లోపు పగటిని కురచగానే లెక్కిస్తాయి. అంటే మన దగ్గర వాటికి ఏడాదంతా కురచ పగలే. ఇక మిగిలింది వేడి, చలి. పదిహేను డిగ్రీల లోపు చల్లదనంలో స్ట్రాబెర్రీ హాయిగా పూస్తుంది. ఇరవై అయిదు దాటిందంటే పగలు ఎంత కురచైనా చాలా రకాలు పూతకు రావు. నూజివీడులో జనవరి పగళ్లు కూడా 30 డిగ్రీల దగ్గర ఉంటాయి. మామిడికి సరిపోయే చలి స్ట్రాబెర్రీకి చాలదు.

ఇక్కడి నుంచి అక్షాంశం ఒక్క డిగ్రీ పైకి, ఎత్తు సుమారు 1,000 మీటర్లు పైకి పోతే లంబసింగి వస్తుంది. చింతపల్లి మండలంలోని ఈ ఊరిని కొర్రబయలు అని కూడా అంటారు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. పైగా రాత్రిపూట కొండల మీద చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి దిగి నిలుస్తుంది. అందుకే డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ వేడి ఒంటి అంకెలోకి పడిపోతుంది. ఆ చలిని నమ్ముకుని అక్కడి రైతులు కొన్నేళ్లుగా స్ట్రాబెర్రీ వేస్తున్నారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎత్తు మడుల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, డ్రిప్పు పెట్టి మొక్క నాటితే డిసెంబరు నుంచి మార్చి దాకా పండ్లు కోస్తారు. చలిదేశాల్లో ఇదే మొక్క శరదృతువులో మొగ్గ కట్టి, మంచు కింద నిద్రపోయి, వసంతంలో పూసి, జూన్‌లో కాస్తుంది. లంబసింగిలో ఆ నిద్ర లేదు. మొగ్గ కట్టడం, పూయడం, కాయడం అన్నీ ఆ నాలుగైదు నెలల్లో ఒకదాని మీద ఒకటిగా జరిగిపోతాయి.

మన దేశంలో స్ట్రాబెర్రీకి పెద్ద దిక్కు మహారాష్ట్రలోని మహాబలేశ్వరం. 2010లో అక్కడి పండుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పటం తీసి చూస్తే మహాబలేశ్వరం, లంబసింగి దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, ఒకటి పడమటి కనుమల్లో, ఒకటి తూర్పు కనుమల్లో. మన దేశంలో బాగా వేసే స్వీట్ చార్లీ, వింటర్ డాన్ వంటి రకాలు ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పుట్టాయి. పెద్దగా చలి లేని శీతాకాలానికి తగ్గట్టు అక్కడివాళ్లు ఎంచి తీసిన రకాలవి. వేసవి రాగానే మన కొండల మీద మొక్కలు వాడిపోతాయి లేదా పీకేస్తారు, మరుసటి ఏడాదికి మళ్లీ నారు కొంటారు. ఏళ్ల తరబడి బతికే మొక్కను మనం ఏకవార్షికంగా వాడుకుంటున్నాం. తీగల నుంచి పిల్లమొక్కలు తీసే నర్సరీ కొండ మీదే నిలదొక్కుకుంటే ఆ ఖర్చు గిరిజన రైతుకు మిగులుతుంది. మొక్కకు తీగ వేసే గుణం ఎలాగూ ఉంది, వర్షాకాలపు చల్లదనమూ ఉంది. కావలసింది తెగుళ్లు లేని తల్లిమొక్క, దాన్ని కాపాడే షెడ్డు.

మళ్లీ మామిడి దగ్గరికి వస్తే, పూత వచ్చాక కథ ఈగల చేతిలోకి వెళ్తుంది. మామిడి పువ్వు అర సెంటీమీటరు ఉంటుందేమో. సాధారణంగా ఒక్క కేసరమే పనికొచ్చే పుప్పొడి ఇస్తుంది, గులాబీ రంగు కొన ఉన్న ఆ ఒక్కదాన్ని భూతద్దంతో సులువుగా పట్టుకోవచ్చు. గుత్తికి వందల నుంచి వేల పూలు, వాటిలో చాలావరకు మగవి. నూటికి ఒకటి కూడా కాయగా కోతకు రాదు. ఈ పూలకు తేనెటీగల కంటే రకరకాల ఈగలే ఎక్కువ వస్తాయి. తేనెమంచు పురుగు భయంతో పూత విచ్చిన వేళ మందు కొడితే పురుగుతో పాటు ఈ ఈగలూ పోతాయి. మందు కొట్టాలంటే పూత విచ్చకముందే కొట్టాలి. దక్షిణాఫ్రికా మామిడి తోటల్లో స్థానిక పూలమొక్కలకు చిన్న చిన్న మళ్లు వదిలితే కీటకాలు పెరిగి దిగుబడి మెరుగైందని 2012లో ప్రచురించిన ఒక అధ్యయనం చూపింది. మన తోటల్లో చెట్ల కింద గడ్డిచామంతిని, విష్ణుక్రాంతాన్ని నల్లగా మాడేలా కలుపుమందు కొట్టే ముందు దీన్ని గుర్తుచేసుకోవాలి. మామిడి పూయని నెలల్లో ఆ కీటకాలకు తిండి పెట్టేవి నేల మీద పూసే ఈ మొక్కలే.

ఇప్పుడున్న బెంగ రాత్రుల గురించి. భూమి వేడెక్కే కొద్దీ చాలా చోట్ల పగటి కంటే రాత్రి వేడి ఎక్కువ తొందరగా పెరుగుతోంది. మామిడి పూతను నిర్ణయించేది రాత్రే. నూజివీడు చలి సరిపోయే, సరిపోని హద్దు మీద ఉన్న ప్రాంతం. ఉత్తరాన లక్నోలో చలికి కొదవ లేదు. దక్షిణాన కన్యాకుమారి వైపు చలి లేకపోయినా ముదురు రెమ్మ వయసును పట్టి మామిడి పూస్తుంది, ఏడాదికి రెండు కాపులు ఇచ్చే చెట్లూ ఉన్నాయి. మధ్యలో ఉన్న మనకు ఒక ఏడు చలి సరిపోతుంది, ఒక ఏడు చాలదు. నూజివీడులోని మామిడి పరిశోధన స్థానం వంటి చోట్ల తేల్చాల్సిన పెద్ద ప్రశ్న, నా దృష్టిలో, తక్కువ చలికే పూసే చెట్టును ఎక్కడ వెతకాలన్నది.

వెతకడానికి దూరం పోనక్కర్లేదు. కోస్తాలో పునాస మామిడి ఉంది. ఏడాదికి రెండు మూడు సార్లు పూసే చెట్టు. రుచిలో రసాలకు సాటి రాదని, పచ్చడికి తప్ప పనికిరాదని దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆల్ప్స్ స్ట్రాబెర్రీలో రెండు అక్షరాలు జారిపోయి పూత కాపలా తొలగినట్టు పునాసలోనూ ఏదో ఒక జన్యువు దారి మార్చుకుని ఉండాలి. అది ఏదో తెలిస్తే చిన్నరసాన్ని, బంగినపల్లిని వెచ్చని రాత్రుల్లోనూ పూయించే దారి దొరకవచ్చు. అందుకు ముందు ఆ చెట్లు బతికి ఉండాలి. మీ తోట గట్టున, పాత పెరట్లో, చెరువు కట్ట మీద పునాస చెట్టు ఉంటే కొట్టేయకండి. అది ఏ నెలలో పూసిందో, అప్పుడు చలి ఎలా ఉందో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. చెట్టు ముసలిదైతే ఈ వానాకాలంలోనే ఒక కొమ్మ అంటు కట్టించండి.